ఎఱ్ఱ కంకర బాటపై సైకిలు

హనుమాన్ జంక్షన్ అను పేరు వినినంతనే రెండు రైలుమార్గములు కలియుచోటని క్రొత్తవారు తలంతురు. అచ్చట కలియునవి రైలుదారులు కావు, రోడ్లు. విజయవాడనుండి ఏలూరు పోవు పెద్దరోడ్డును, నూజివీడునుండి గుడివాడ మీదుగా బందరు పోవు రోడ్డును ఒకదానినొకటి దాటుకొను కూడలి అది. కూడలిలోని ఆంజనేయస్వామి ఊరికి పేరిచ్చెను. చిత్రమేమనగా, ఆ చెంతనున్న రైలుస్టేషనుకు నూజివీడు అని పేరు. నూజివీడు పట్టణమో, అచ్చటికి సుమారు 18 కిలోమీటర్ల దూరమున మెట్టలో నున్నది. రైలుదిగిన ప్రయాణికుడు తక్కిన దారియంతయు రోడ్డును నమ్ముకొనవలసినదే.

ఈ కూడలికి ఉత్తరమున మెట్ట, దక్షిణమున డెల్టా. ఒకవైపు మామిడితోటలు, ఎఱ్ఱనేల, చిన్న గుట్టలు. వేరొకవైపు వరిచేలు, కాలువలు, నల్లనేల. కృష్ణా మండల చరిత్రమున ఆనకట్టకును, కాలువలకును దక్కిన గౌరవము సాధారణమైన గ్రావెలు బాటకు దక్కలేదు. ఆ బాటమీద నడచిన సైకిలుకు బొత్తిగా దక్కలేదు. డెల్టా పల్లెలకు వర్షకాలమున లోకముతో రాకపోకలు కలిగించినవి మాత్రము ఈ రెండే.

నల్లరేగడి పంటకు తల్లి, బాటకు సవతితల్లి. వేసవిలో ఆ నేల బీటలువారి బండిచక్రమును పట్టుకొనును. తొలకరి కురియగానే బంకయై కాలిని పట్టుకొనును. ఒండ్రుమట్టి పేరుకొని ఏర్పడిన డెల్టాలో రాయి దొరకదు. 1852లో ఆరంభమై 1855లో ముగిసిన బెజవాడ ఆనకట్టకు ప్రక్కనున్న కొండలే రాయినిచ్చినవి గాని, అచ్చటినుండి దిగువ పల్లెలన్నిటికి రాయి తరలించుట సామాన్యమైన పని కాదు. పైగా, సర్ ఆర్థర్ కాటన్ దొర జలమార్గ పక్షపాతి. బండికంటె, రైలుకంటె పడవయే చౌక యని ఆయన వాదము. ఆ వాదమునకు తగినట్లు డెల్టా కాలువలు పడవలకు అనువుగా, లాకులతో త్రవ్వబడెను. ఏలూరు కాలువ కృష్ణా కాలువలను గోదావరి కాలువలతో కలిపినది. ధాన్యము పడవనెక్కెను, మనిషి గట్టునెక్కెను. కాలువ త్రవ్విన మట్టి పోయగా ఏర్పడిన గట్టే పెక్కు పల్లెలకు తొలి రోడ్డు. గట్టుకు దూరమైన ఊళ్ళకు పుంతలు, డొంకలే గతి. వానకాలమున అవి నీటిబోదెలుగా మారెడివి.

రోడ్డునకు కావలసిన సామగ్రి మెట్టలో నుండెను. నూజివీడు, ఆగిరిపల్లి ప్రాంతముల ఎఱ్ఱగుట్టలలో గులకరాయియు బంకమట్టియు తగుపాళ్ళలో కలిసియుండును. మనవారు ఇంగ్లీషు మాటను తెలుగు చేసికొని దీనిని గ్రావెలు అనిరి. పఱచి, నీరు చల్లి, రోలరుతో త్రొక్కించినచో బంక రాతిని పట్టియుంచును, రాయి బరువును మోయును. బాట నడుమ కొంచెము ఎత్తుగా నుండవలెను. లేనిచో నీరు నిలిచి తొలి సంవత్సరముననే గోతులు పడును. నేల పొడిగా నుండినంతకాలము ఎంత బరువైనను మోయునని స్కాట్లండు దేశీయుడైన మెకాడమ్ (1756–1836) చెప్పిన సూత్రము మా ఊరి మేస్త్రీకి పుస్తకము చదువకుండగనే తెలియును.

అయినను గ్రావెలు బాటకు శాశ్వతత్వము లేదు. ఇనుపకమ్ముల బండిచక్రములు రెండు గాడులను కోసివేయును. నడుమ ఎత్తుగా, గడ్డి మొలచిన సన్ననిగట్టు మిగులును. ఏటేట మరల మట్టి పోయవలెను. ఈ భారము మొదట తాలూకా, జిల్లా బోర్డులదిగా నుండి, 1959 తరువాత పంచాయతీ సమితులకును, జిల్లా పరిషత్తులకును సంక్రమించెను. బోర్డు సమావేశములలో ఏ ఊరిబాటకు గ్రావెలు మంజూరగుననుటయే పెద్ద తగవు. దానిని చిల్లర రాజకీయమని నవ్వువారు జూలై మాసమున పురిటినొప్పులు పడు స్త్రీని మంచముపై మోసికొని డొంకవెంట నడచి యెఱుగరు.

ఈ బాటకు తగిన వాహనము ఇంగ్లండులో తయారైనది. 1817లో జర్మనీ దేశీయుడు డ్రయిస్ కొయ్యతో చేసిన రెండుచక్రముల బండికి పెడలులు లేవు. 1885లో స్టార్లీ చేసిన రోవరు సైకిలుతో రెండు సమానచక్రములు, వెనుకచక్రమునకు గొలుసు అను నేటి రూపము స్థిరపడెను. 1888లో డన్‌లప్ గాలిటైరు కనుగొనినాడు. అది లేనిచో గులకరాళ్ళపై సైకిలు త్రొక్కుట శిక్షయే. ఆరంభమున దొరలకును, పిమ్మట వకీళ్ళకును, ఉపాధ్యాయులకును పరిమితమైన ఈ వాహనము, స్వదేశమున తయారగుట మొదలైన పిదప రైతు వాకిటికి వచ్చెను. 1949లో మదరాసు చెంత అంబత్తూరున టి.ఐ. కంపెనీయు, 1951లో సోనీపత్‌లో అట్లాసును, 1956లో లూధియానాలో హీరోయు వెలసినవి.

ఆ సైకిలును ఒక్కమారు పరికింతము. చక్రము 28 అంగుళములు, టైరు వెడల్పు అంగుళమున్నర. చట్రము పొడవైనది, హేండిలు వెడల్పైనది, ముందుకొమ్ము వాలుగా నుండి గతుకుల అదురును కొంత మ్రింగును. వెనుక కారియరుపై ఒక మనిషో, ధాన్యపు బస్తాయో ఎక్కును. హనుమాన్ జంక్షన్ నుండి నూజివీడు వైపు త్రొక్కునపుడు నేల ఎత్తగుచున్నట్లు కంటికి తోచదు, మోకాళ్ళకు తెలియును. తిరుగుప్రయాణమున మామిడిపండ్ల గంపతో దిగువాడు పెడలు తక్కువ త్రొక్కి బ్రేకు ఎక్కువ పట్టవలెను. డెల్టాలో ఎత్తుపల్లములు లేవు గాని, గ్రావెలు ముగిసి రేగడి మొదలైనచోట మడ్‌గార్డు క్రింద మట్టి పేరుకొని చక్రమే తిరుగదు. పుల్లతో గీకుకొనుట, ఫలింపనిచో సైకిలునే భుజముపై వేసికొనుట! మనిషిని మోయవలసినది మనిషిపై నెక్కుట డెల్టావాసులకు పరిచితమైన దృశ్యము. ఆ రోజులలో చీకటిపడిన తరువాత దీపము లేకున్న పోలీసు పట్టుకొనెడివాడు. పట్టణములలో పన్ను చెల్లించిన గుర్తుగా బిళ్ళ తగిలింపవలసియుండెడిది. పాలవాడు, తపాలా బంట్రోతు, బడిపంతులు, కొల్లేటి చేపలవాడు అందరి బ్రతుకును ఈ రెండుచక్రములపై నడచెను.

ఇటీవల పాశ్చాత్యదేశములలో గ్రావెలు సైకిలు అను క్రొత్త వినోదము ప్రబలినది. కార్ల రద్దీలేని పల్లెబాటలు వెదకికొని, కొండలవెంట, నదీలోయలవెంట దూరప్రయాణములు చేయుదురు. అమెరికాలోని కాన్సాసు రాష్ట్రమున 2006లో ఆరంభమైన పందెము దీనికి పేరు తెచ్చెను. 2022లో ఇటలీలో ప్రపంచ చాంపియన్ పోటీయు తొలిసారి జరిగినది. అందు వాడు సైకిళ్ళ టైరు వెడల్పు ఇంచుమించు 40 మిల్లీమీటర్లు. మన అంగుళమున్నర 38 మిల్లీమీటర్లు! పొడవైన చట్రము, వాలు కొమ్ము కూడ నుండవలెనట. తేలికలోహము, పెక్కు గేర్లు, డిస్కుబ్రేకులు నిజముగా క్రొత్తవి. తక్కినది మన తాతలు గుడివాడ సంతకు త్రొక్కినదే. ఇంకొక తేడా కలదు. 1880లో ఏర్పడిన అమెరికా సైకిలువారల సంఘము మంచిరోడ్ల కొఱకు ఉద్యమించెను. ఇప్పుడు ఆ రోడ్లనుండి తప్పించుకొనుటకు వారి మునిమనుమలు గులకబాటలు వెదకుచున్నారు. మనయూరి వానిని అడిగినచో, తారు రోడ్డే కావలెనని నిస్సంకోచముగా చెప్పును. అతడు చెప్పునది న్యాయము. 2000 సంవత్సరమున ఆరంభమైన ప్రధానమంత్రి గ్రామసడక్ యోజన వంటి పథకములతో పెక్కు గ్రావెలు బాటలు తారుక్రిందను, సిమెంటుక్రిందను కప్పబడినవి. సైకిలు నెక్కుట ఎన్నడో మగవారి హక్కుగా నుండగా, 2017లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము బడికొస్తా పథకము క్రింద ఉన్నత పాఠశాల బాలికలకు సైకిళ్ళు పంచిపెట్టెను. వారికి గోతులులేని బాట వినోదము కాదు, చదువు.

రద్దీలేని మట్టిబాటమీద పోవలెనను కుతూహలము గలవారికి నేటికిని చోటున్నది. జాతీయ రహదారి హనుమాన్ జంక్షన్ ఊరిని తప్పించి ప్రక్కగా మళ్ళింపబడినది. పోలవరము కుడికాలువ ఈ మెట్టప్రాంతముననే సాగిపోవుచున్నది. 2015లో పట్టిసీమవద్ద ఎత్తిపోసిన గోదావరి జలము ఈ కాలువవెంటనే కృష్ణను చేరెను. కాలువ త్రవ్విన మట్టి పోసిన గట్లపై ఉదయవేళ ప్రయాణము హాయి గొలుపును. అయితే రహదారుల మెరకలకును, ఇండ్లస్థలముల మెరకలకును ఎఱ్ఱమట్టి కావలసివచ్చి, మెట్టలోని గుట్టలను యంత్రములు తొలుచుచున్నవి. కాలువగట్ల మట్టిని సైతము లారీల కెత్తుచున్నారని పత్రికలు పెక్కుమారులు వ్రాసినవి. నూరేండ్లుగా డెల్టాకు బాటనిచ్చిన గుట్టలలో కొన్నిచోట్ల ఇప్పుడు గుంటలున్నవి. వానకాలమున వాటిలో నీరు నిలుచుచున్నది.