కారే చోటు పట్టుకోవడం

1900 డిసెంబరులో కార్ల వ్యాపారి ఎమిల్ యెలినెక్‌కు అందిన మెర్సిడెస్ 35 హెచ్‌పీ రేసు కారుకు ఇంజినీరు విల్‌హెల్మ్ మైబాఖ్ తేనెతుట్టె రేడియేటర్ అమర్చాడు. 8,070 సన్నని గొట్టాలను పక్కపక్కనే పేర్చి టంకం పెట్టడంతో ఇంజిన్ చల్లబడడానికి 9 లీటర్ల నీరే సరిపోయింది. అయితే అతుకులు వేలల్లో ఉంటే నీరు కారే అవకాశాలూ వేలే. రిపేరు షాపుల్లో రేడియేటర్ ఊడదీసి, మూతులు బిగించి, నీటితొట్టిలో ముంచి గాలి కొట్టేవారు. బుడగలు లేచిన చోట టంకం వేసేవారు.

రేడియేటర్లకు ఒత్తిడి మూతలు వచ్చాక నీరు వంద డిగ్రీలు దాటినా మరగడం తగ్గింది కానీ, పాతబడ్డ హోస్‌పైపుల మీద భారం పెరిగింది. లీకు వెతకడం అప్పుడే అసలైన విద్య అయింది. చల్లారిన ఇంజిన్‌పై మూత తీసి, ఆ చోట చేతిపంపు బిగించి, మూత మీద రాసి ఉన్నంత ఒత్తిడి ఎక్కించి ముల్లు చూస్తారు. ముల్లు దిగుతున్నా బయట తడి లేదంటే, వాటర్ పంపు కింది చిన్న రంధ్రం దగ్గర కూలెంట్ ఎండిన రంగు మరక కోసం, కాళ్ల కింది కార్పెట్‌లో దాని తీపి వాసన కోసం చూస్తారు. అక్కడా లేకపోతే అనుమానం ఇంజిన్‌లోని హెడ్ గాస్కెట్ మీదికి పోతుంది.

గాలితో చల్లబడే పోర్షే 911 యజమానులకు మాత్రం 1998 దాకా ఈ తంటా లేదు. ఆయిల్ కారడం వేరే కథ.