రైలు సొమ్ము, సర్కారు పద్దు

1849లో ఈస్టిండియా కంపెనీ లండన్‌లోని రెండు రైల్వే కంపెనీలతో ఒప్పందం రాసుకుంది. భూమి ఉచితం, లీజు 99 ఏళ్లు, పెట్టిన పెట్టుబడి మీద ఏటా 5 శాతం రాబడికి సర్కారు పూచీ. రైలు లాభాల్లో నడవకపోతే ఆ లోటును ఖజానా, అంటే ఇక్కడి రైతు కట్టిన శిస్తు, పూడ్చాలి. ఈ ఏర్పాటు గురించి 1872లో బ్రిటిష్ పార్లమెంటు కమిటీ ముందు మాజీ ఆర్థిక సభ్యుడు విలియం మాసీ కుండబద్దలు కొట్టాడు. 5 శాతం ఖాయమైనప్పుడు తన డబ్బును హుగ్లీలో పారబోసినా పెట్టుబడిదారుకు పట్టదన్నాడు.

మద్రాసు రైల్వేదీ ఇదే దారి. నిజాం సర్కారు కూడా 1874లో మొదలైన వాడి–సికింద్రాబాద్ మార్గాన్ని 1883లో గ్యారంటీ షరతు మీద లండన్ కంపెనీ చేతిలో పెట్టింది. ఆ బేరం లెక్కలు జనానికి చెప్పాలన్న అఘోరనాథ్ చట్టోపాధ్యాయను, అంటే సరోజినీ నాయుడి తండ్రిని, హైదరాబాదు నుంచి కొన్నాళ్లు పంపించేశారు.

లోటు తాను భరించాలి కాబట్టి కంపెనీ ఖాతాలు నిజమో కాదో సర్కారు తనిఖీ చేసుకోవాల్సి వచ్చింది. నేటి రైల్వే అకౌంట్స్ శాఖ మూలాలు ఈ అపనమ్మకంలోనే ఉన్నాయి. ఖజానాకు తెలిసింది నగదు ఒక్కటే: చేతికొస్తే రాబడి, చెయ్యిదాటితే ఖర్చు. కంపెనీ లెక్క వేరు. సరుకు మోసిన నాడే ఆదాయం వచ్చినట్టు, పని చేయించుకున్న నాడే ఖర్చయినట్టు. కంపెనీలు పోయి రైళ్లు సర్కారువయ్యాక కూడా రెండు లెక్కలూ మిగిలిపోయాయి.

భద్రాచలం రోడ్ నుంచి మార్చి 30న సింగరేణి బొగ్గు బయలుదేరింది, కిరాయి ఏప్రిల్‌లో జమ అయింది అనుకుందాం. వ్యాపార లెక్కలో అది మార్చి ఆదాయం, సర్కారు లెక్కలో మరుసటి ఏడాదిది. ఈ రెంటినీ కలిపే పద్దు పేరు ‘ట్రాఫిక్ అకౌంట్’. మార్చి జీతం ఏప్రిల్‌లో ఇస్తారు గనక ఖర్చు వైపు ‘డిమాండ్స్ పేయబుల్’ ఉంది. వీటిని సస్పెన్స్ పద్దులంటారు. సస్పెన్స్ తేల్చడం అకౌంట్స్ గుమస్తాలకు ఏడాది పొడవునా ఉండే పని.

మార్చి 31కి అటూ ఇటూ డబ్బు కదిలితే బొమ్మ ఎంత మారుతుందో కాగ్ ఒకసారి చూపించింది. 2017–18లో వంద రూపాయల సంపాదనకు రైల్వే పెట్టిన ఖర్చు 98.44 అని లెక్క తేలింది. ఎన్టీపీసీ వంటి సంస్థల దగ్గర ముందుగా పుచ్చుకున్న సొమ్ము తీసేస్తే అది 102.66 అయ్యేదని కాగ్ రాసింది. తప్పుడు లెక్క అనలేం గానీ, గడుసు లెక్కే.

ఇక స్టేషన్ సొమ్ము సంగతి. రోజు వసూళ్లను తోలు సంచిలో పోసి, లక్క సీలు వేసి, రెమిటెన్స్ నోట్ జతచేసి గార్డు బ్రేక్‌వ్యాన్‌లోని ఇనప్పెట్టెలో వేసేవారు. సంచి లోపలికి జారుతుంది తప్ప దారిలో ఎవరూ బయటికి తీయలేరు. క్యాష్ ఆఫీసులో ష్రాఫులు సీలు చూసి, విప్పి లెక్కపెడతారు. నోటు తగ్గినా, చెల్లకపోయినా ఆ మొత్తం స్టేషన్ పేర డెబిట్. ట్రాఫిక్ అకౌంట్స్ ఆఫీసు టికెట్ల లెక్కలు సరిచూసి తేడా కనబడితే ‘ఎర్రర్ షీట్’ పంపుతుంది. బుకింగ్ క్లర్కు ఒప్పుకుంటే జేబులోంచి కట్టాలి, లేదంటే జవాబు రాయాలి. అకౌంట్స్ ఇన్‌స్పెక్టరు ఎప్పుడు దిగుతాడో ఎవరికీ తెలియదు. ఇప్పుడు చాలాచోట్ల బ్యాంకువాళ్లే వచ్చి నగదు పట్టుకెళుతున్నారు. ఎర్రర్ షీట్ మాత్రం ఎక్కడికీ పోలేదు.

1871లో రాయచూరులో మద్రాసు రైల్వే పట్టాలు గ్రేట్ ఇండియన్ పెనిన్సులా (జీఐపీ) రైల్వే పట్టాలతో కలిశాయి. కడపలో బొంబాయికి టికెట్ కొన్నవాడి డబ్బంతా మద్రాసు రైల్వే పెట్టెలో పడుతుంది, సగానికి పైగా దారి మోసింది మరొకరు. ఈ తగువు తీర్చడానికి ఇంగ్లండులో 1842లోనే క్లియరింగ్ హౌస్ పెట్టుకున్నారు. మైళ్లను బట్టి వాటాలు పంచి, చివరికి తేలిన తేడా మాత్రమే చెల్లించుకునేవారు. ఇక్కడ సర్కారీ రైల్వేల కోసం ఢిల్లీలో క్లియరింగ్ ఆఫీసు వెలిసింది. నేడు సికింద్రాబాద్ నుంచి న్యూఢిల్లీ వెళ్లే ప్రయాణికుడు ఐదు జోన్లు దాటతాడు. ఛార్జీ ఐదింటికీ పంచుతారు గానీ ఒక్క రూపాయి చేతులు మారదు. అంతా కాగితం మీద సర్దుబాటు. జవాను మిలిటరీ వారంటు చూపి రైలెక్కితే ఆ బిల్లు రక్షణ శాఖ ఖాతాకు వెళుతుంది.

రైల్వే సొమ్ము మొదట సాధారణ బడ్జెట్‌లోనే కలిసి ఉండేది. పట్టాలు అరిగినా మార్చి దాటితే మంజూరు మురిగిపోయేది. దాన్ని విడదీయాలని 1921లో ఆక్వర్త్ కమిటీ చెప్పింది. 1924 సెప్టెంబరు 20న కేంద్ర శాసనసభ ఒప్పుకుంది. బదులుగా వాణిజ్య మార్గాల పెట్టుబడిపై 1 శాతం, మిగులు లాభంలో ఐదోవంతు ఖజానాకు. సైనిక అవసరానికి వేసిన మార్గాల లెక్క విడిగా ఉంచి, వాటి నష్టాన్ని ఖజానాకే వదిలేశారు. స్వాతంత్ర్యం వచ్చాక లాభం రానీ రాకపోనీ రైల్వే కట్టాల్సిన స్థిరమైన డివిడెండు వచ్చింది. ఒక సర్కారు శాఖ సర్కారుకే డివిడెండు కట్టడం! 2016లో కేంద్ర క్యాబినెట్ దానికి స్వస్తి చెప్పింది. 2.27 లక్షల కోట్ల పెట్టుబడి బాకీ మాఫీ అయింది. ఏటా సుమారు 9,700 కోట్లు మిగిలాయి. 2017 నుంచి రైల్వే బడ్జెట్ మళ్లీ సాధారణ బడ్జెట్‌లో భాగం.

డివిడెండు పోయినా, ఇంజన్లు, బోగీలు కొనడానికి అప్పు తెచ్చేందుకు 1986లో పెట్టిన సర్కారీ సంస్థ ఐఆర్‌ఎఫ్‌సీకి రైల్వే ఇప్పటికీ లీజు అద్దె కడుతోంది. ఆ సంస్థ 2021లో స్టాక్ మార్కెట్‌కెక్కింది. తన లాభంలోంచి వాటాదారులకు డివిడెండు పంచుతుంది. వాటాదారుల్లో పెద్దది కేంద్ర ప్రభుత్వమే.