గిటార్ పట్టిన చేతికి గురువులెవరు?

కెనడా గాయని జోనీ మిచెల్ గిటార్ నేర్చుకున్నది గురువు ముందు కూర్చుని కాదు, పీట్ సీగర్ చేసిన పాఠాల రికార్డు పెట్టుకుని. ఎలిజబెత్ కాటెన్ అనే ఆమె వాయించే పద్ధతి ఒకటి ఆ పాఠాల్లో ఉంది. మామూలుగా గిటార్ పట్టేవాళ్లకు చెప్పిన ఆ పాఠంలో బొటనవేలు లావు తీగల మధ్య అటూ ఇటూ నడుస్తూ తాళం పట్టుకుంటుంది, మిగతా వేళ్లు సన్న తీగల మీద పాట పలికిస్తాయి. జోనీ తిన్నగా ఆ పాఠం దగ్గరికే వెళ్లింది. బొటనవేలు మాట వినలేదు. ఆరో తీగనే ఎక్కువగా మీటుతూ, ఆ ఊపులోనే ఐదో తీగను తాకుతూ ఏదో ఒక నడక తెచ్చుకుంది. కాటెన్‌లా వాయించలేకపోవడమే తన మీద కాటెన్ ప్రభావమని ఆమే తర్వాత చెప్పుకుంది. ఎడమచేతిది ఇంకో కథ. తొమ్మిదేళ్ల వయసులో వచ్చిన పోలియో ఆ చేతిలో బలం తగ్గించింది. మామూలు శ్రుతిలో కష్టమైన పట్లు పట్టే బదులు ఆమె తీగల శ్రుతినే మార్చుకుంటూ పోయింది. అలా ఆమె వాడిన శ్రుతులు యాభైకి పైనే ఉంటాయి. 1971లో వచ్చిన ‘బ్లూ’ ఆల్బమ్‌లో వినిపించే ఆ వింత స్వరమేళనం వెనుక ఈ రెండు చేతుల కథా ఉంది.

ఒక గొంతు, ఒక గిటార్, సొంత మాటలు. అకూస్టిక్ గిటార్‌తో తన పాట తానే రాసుకుని పాడేవాళ్లను చూస్తే ఇంత ఒంటరి కళ ఇంకోటి లేదనిపిస్తుంది. వాళ్ల గురించి రాసేవాళ్లు కూడా వాళ్ల ప్రేమలూ, బాధలూ, డైరీలూ అంటూ లోపలికే చూస్తారు. ఈ కళ చరిత్ర మాత్రం వేళ్ల కదలికలోనే బాగా దొరుకుతుందని నా నమ్మకం. ఎవరి మాటలు వాళ్లవి కావచ్చు, ఆ మీటు మాత్రం ఎవరో ఒకరి దగ్గర నేర్చుకున్నదే.

ఇంతకీ కాటెన్ ఎవరు? 1890లలో నార్త్ కరోలినాలోని కార్‌బరోలో ఒక నల్లజాతి కుటుంబంలో పుట్టింది. ఎడమచేతి వాటం. అన్న లేనప్పుడు అతని బాంజో తీసి వాయించేది. తీగలు తన చేతికి తగ్గట్టు మార్చి కట్టుకునే వీలు లేక వాయిద్యాన్నే తిప్పి పట్టుకుంది. దాంతో అంతా తలకిందులైంది. లోకమంతా బొటనవేలితో మంద్రం మీటుతుంటే ఆమె ఆ పని వేళ్లతో చేసింది, పాటను బొటనవేలితో పలికించింది. ఇళ్లలో పనిచేసి కూడబెట్టిన 3 డాలర్ల 75 సెంట్లతో ఒక స్టెల్లా గిటార్ కొనుక్కుంది. ‘ఫ్రైట్ ట్రైన్’ పాట కట్టేనాటికి ఆమెకు నిండా పన్నెండేళ్లు లేవు. తర్వాత పెళ్లి, సంసారం, లౌకికమైన పాటలు వద్దన్న చర్చి. గిటార్ దశాబ్దాల పాటు మూలపడింది.

వాషింగ్టన్‌లో ఒక పెద్ద దుకాణంలో పనిచేస్తుండగా, తప్పిపోయిన పాపనొకదాన్ని తీసుకెళ్లి తల్లికి అప్పగించింది. ఆ పాప పెగ్గీ సీగర్, తల్లి సంగీతకర్త రూత్ క్రాఫర్డ్ సీగర్. ఆ పరిచయంతో కాటెన్ వాళ్లింట్లో పనిమనిషిగా చేరింది. ఇంటి నిండా జానపద పాటలు సేకరించే మనుషులే. వంట చేసి పెడుతున్న ఆమే అంత పెద్ద విద్వాంసురాలని వాళ్లకు తెలియడానికి ఏళ్లు పట్టింది. చివరికి పెగ్గీ అన్న మైక్ సీగర్ ఆమె పాటలు రికార్డు చేశాడు, 1958లో ఫోక్‌వేస్ సంస్థ ఆల్బమ్‌గా తెచ్చింది. ఈలోపే పెగ్గీ నోట ఇంగ్లండ్ చేరిన ‘ఫ్రైట్ ట్రైన్’ను అక్కడ ఇద్దరు తమ పేర రాయించుకున్నారు. 1957లో అది పెద్ద హిట్టయింది. వివాదం నడిస్తే గానీ రాసినామె పేరు పాట మీదికి రాలేదు. 1985లో గ్రామీ అందుకునేనాటికి కాటెన్‌కు తొంభై దాటాయి.

విద్య ఒకరిది, పేరు ఇంకొకరిది అయ్యే ఈ తీరు కాటెన్‌తో మొదలైంది కాదు. 1927 వేసవిలో విక్టర్ కంపెనీ మనిషి రాల్ఫ్ పీర్ టెన్నెస్సీ, వర్జీనియా సరిహద్దు ఊరు బ్రిస్టల్‌లో మకాం వేసి, కొండప్రాంతపు గాయకులను రికార్డు చేశాడు. అప్పుడు పాడినవాళ్లే కార్టర్ కుటుంబం: ఏ.పీ. కార్టర్, భార్య సారా, ఆమెకు చెల్లెలి వరసైన పద్దెనిమిదేళ్ల మేబెల్. లావు తీగల మీద పాట నడుపుతూ, మధ్యమధ్య సన్న తీగలను వేళ్లతో గీరి తాళం నింపే మేబెల్ పద్ధతిని గిటార్ పట్టిన ప్రతివాళ్లూ ఎప్పుడో ఒకప్పుడు నేర్చుకున్నదే. ఆ తర్వాత పాటల కోసం ఏ.పీ. ఊరూరా తిరుగుతుంటే వెంట వెళ్లినవాడు లెస్లీ రిడిల్. నల్లజాతి గిటారిస్టు. సిమెంటు ఫ్యాక్టరీ ప్రమాదంలో కాలు పోగొట్టుకున్నాడు. పాడేవాళ్ల మాటలు ఏ.పీ. కాగితం మీద పెట్టుకుంటే, బాణీని రిడిల్ మనసులో పట్టుకొచ్చేవాడు. వేళ్ల వాయింపులో మేబెల్ ఆయన దగ్గర నేర్చుకున్నది కొంత కాదు. రికార్డుల మీద మాత్రం ఆయన పేరు లేదు.

ఈ కళకు ప్రాణం పోసిన ఇంకో సంగతి అదే కాలానిది. 1925 ముందు రికార్డింగ్ అంటే పెద్ద కొమ్ములోకి అరిచి పాడటమే. గిటార్ మెత్తని వాయిద్యం, ఆ కొమ్ములో దాని మాట చెల్లేది కాదు. మైక్రోఫోన్ వచ్చాక పక్కన కూర్చుని చెప్పినట్టు పాడినా రికార్డు మీద నిలిచింది.

కార్టర్ల బాణీల మీద తన మాటలు పెట్టినవాడు వుడీ గత్రీ. 1940లో రాసిన ‘దిస్ ల్యాండ్ ఈజ్ యువర్ ల్యాండ్’ బాణీ కార్టర్ కుటుంబం పాడిన పాటల నుంచి వచ్చిందే, వాళ్లకది పాత క్రైస్తవ కీర్తనల నుంచి వచ్చింది. మన ప్రజానాట్యమండలి, జననాట్యమండలి కవులు ఊళ్లో అప్పటికే నలిగిన బాణీలో కొత్త మాట పెట్టి జనం నోటికి అందించినట్టే ఇదీ. మినెసోటాలో బడి రోజుల్లో రాక్ బృందాలు కట్టిన బాబ్ డిలన్, గత్రీ పిచ్చిలో పడి 1961 జనవరిలో న్యూయార్క్ చేరి, ఆసుపత్రిలో ఉన్న ఆయన్ను చూడటానికి వెళ్లేవాడు. మరుసటి ఏడాది చివర లండన్ వెళ్లినప్పుడు అక్కడి గాయకుడు మార్టిన్ కార్తీ దగ్గర ‘స్కార్‌బరో ఫెయిర్’ విన్నాడు. దాన్నుంచి అతని ‘గర్ల్ ఫ్రమ్ ద నార్త్ కంట్రీ’ పుట్టింది. 2016లో నోబెల్ వచ్చినప్పుడు ఇది సాహిత్యమా కాదా అని మన పత్రికల్లోనూ వాదించుకున్నారు. బాణీల వారసత్వం ఆ వాదనల్లో పెద్దగా వినిపించలేదు.

లండన్ గురించి ఇంకాస్త చెప్పాలి. అక్కడ డేవీ గ్రేయమ్ అనే గిటారిస్టు ఉండేవాడు. తండ్రిది స్కాట్లండ్, తల్లిది గయానా. మొరాకో వెళ్లి అక్కడి ఊద్ వాయిద్యగాళ్లతో కలిసి వాయించాలనుకుంటే గిటార్ మామూలు శ్రుతి ఒప్పలేదు. తీగలను డి, ఎ, డి, జి, ఎ, డి అని మార్చుకున్నాడు. డి ని షడ్జమం అనుకుంటే ఇది స, ప, స, మ, ప, స. గాంధారం లేదు. గాంధారం ఉంటే అది మేజరో మైనరో తేలిపోతుంది, లేదు గనుక తలుపు రెండు వైపులా తెరిచే ఉంటుంది. పైగా వేలు పెట్టని తీగలు తంబురాలా మోగుతూనే ఉంటాయి. రాగం విన్న చెవికి ఈ శ్రుతి వెంటనే దగ్గరవుతుంది. ఐరిష్, స్కాటిష్ జానపదాలు వాయించేవాళ్లలో ఇవాళ ఇది తెలియనివాళ్లు ఉండరు.

గ్రేయమ్ తరం వేసిన దారిలోనే నిక్ డ్రేక్ వచ్చాడు. 1948లో రంగూన్‌లో పుట్టాడు, పెరిగింది ఇంగ్లండ్ పల్లెలో. ఇరవయ్యారేళ్లకే, 1974లో చనిపోయాడు. మూడే ఆల్బములు, బతికుండగా కొన్నవాళ్లు బహు కొద్దిమంది. చివరిదైన ‘పింక్ మూన్’ అరగంట కూడా ఉండదు. ఒకచోట వినిపించే కాస్త పియానో తప్ప అందులో ఉన్నదల్లా గొంతు, గిటార్. ఇంత ఏకాంతం ఎక్కడి నుంచి వచ్చిందని చాలాకాలం అందరూ ఆశ్చర్యపోయారు. తర్వాత అతని తల్లి మాలీ డ్రేక్ ఇంట్లో పియానో ముందు కూర్చుని పాడుకున్న సొంత పాటల రికార్డింగులు బయటికొచ్చాయి. అదే వంగిన స్వరం, అదే దిగులు. ఆవిడ పాటలు వినకుండా నిక్ డ్రేక్‌ను అర్థం చేసుకోవడం కుదరదు.

1970ల లాస్ ఏంజెలస్ పాటగాళ్ల గురించి రాసినవాళ్లు చాలామందే ఉన్నారు. ఆ పాటగాళ్లలో జేమ్స్ టేలర్ చిన్నప్పుడు చెల్లో నేర్చుకున్నాడని, గిటార్ మీద అతని మంద్రం అంత నిండుగా నడవడానికి అదొక కారణమని మాత్రం చెప్పి ముందుకు పోతాను.

1980ల్లో సింథసైజర్లు, యంత్రాల డ్రమ్ములు రాజ్యమేలాయి. అలాంటి రోజుల్లో, 1988 జూన్ 11న లండన్ వెంబ్లీలో మండేలా డెబ్బయ్యో పుట్టినరోజు సభ. స్టీవీ వండర్ వేదిక ఎక్కాల్సిన సమయానికి ఆయన వాయిద్యానికి కావలసిన డిస్కు కనిపించలేదు. ఖాళీ నింపడానికి, ఆ మధ్యాహ్నం ఒకసారి పాడి దిగిన ట్రేసీ చాప్‌మన్‌ను మళ్లీ పంపారు. ఇరవై నాలుగేళ్ల అమ్మాయి, చేతిలో గిటార్, ఎదురుగా నిండిన స్టేడియం, టీవీల ముందు కోట్ల మంది. ‘ఫాస్ట్ కార్’ పాడింది. క్లీవ్‌లండ్‌లో ఒంటరి తల్లి పెంపకం. తల్లి చేతిలో డబ్బు ఆడకపోయినా మూడేళ్ల పాపకు యుకలేలీ కొనిపెట్టింది. గిటార్ మీద మనసు పడింది టీవీలో ‘హీ హా’ అనే కంట్రీ సంగీత కార్యక్రమం చూసి. స్కాలర్‌షిప్ మీద బడి, టఫ్ట్స్ విశ్వవిద్యాలయంలో మానవశాస్త్రం, సాయంత్రాలు హార్వర్డ్ స్క్వేర్ వీధుల్లో పాట. కంట్రీ సంగీతం తెల్లవాళ్ల సొత్తని నమ్మే దేశంలో ఆ కార్యక్రమం చూసి గిటార్ పట్టిన నల్లజాతి పిల్ల పాటనే 2023లో ల్యూక్ కూంబ్స్ అనే కంట్రీ గాయకుడు మళ్లీ పాడాడు. కంట్రీ మ్యూజిక్ అసోసియేషన్ ఆ ఏటి ఉత్తమ గీత పురస్కారం చాప్‌మన్‌కు వచ్చింది. ఆ పురస్కారం అందుకున్న తొలి నల్లజాతి రచయిత ఆమే. అప్పటికి పాట వయసు ముప్పయి అయిదేళ్లు.

ఆ తర్వాతి తరానికి చదువు రకరకాల చోట్ల దొరికింది. గిలియన్ వెల్చ్ తల్లిదండ్రులు టీవీ కార్యక్రమాలకు సంగీతం సమకూర్చేవాళ్లు. లాస్ ఏంజెలస్‌లో పెరిగి, కాలేజీలో కొండప్రాంతపు పాటలు పాడే స్టాన్లీ బ్రదర్స్ రికార్డు విని, బర్‌క్లీ సంగీత కళాశాలలో చేరింది. 1996లో ఆమె ఆల్బమ్ ‘రివైవల్’ వచ్చినప్పుడు కొండప్రాంతపు పాటలు పాడే హక్కు ఈమెకెక్కడిదని విమర్శకులు నిలదీశారు. ఆ ప్రశ్న నాకు న్యాయంగా తోచదు. ఆ కొండల్లో పుట్టిన మేబెల్ కూడా కొంత విద్య వేరే చోటి నుంచి తెచ్చుకుంది కదా. ఐరన్ అండ్ వైన్ పేరుతో పాడే శామ్ బీమ్ సినిమా పాఠాలు చెప్పుకుంటూ ఇంట్లో నాలుగు ట్రాకుల యంత్రం మీద పాటలు పట్టి 2002లో తొలి ఆల్బమ్ తెచ్చాడు. హొసే గొంజాలెజ్ తల్లిదండ్రులు అర్జెంటీనా నుంచి స్వీడన్ వచ్చినవాళ్లు. కుర్రతనంలో హోరెత్తే హార్డ్‌కోర్ బృందంలో వాయించాడు, జీవరసాయన శాస్త్రంలో డాక్టరేటు మధ్యలో వదిలేశాడు. అతని నైలాన్ తీగల గిటార్‌లో తండ్రి ఇంట్లో వినే లాటిన్ అమెరికా పాటలే పలుకుతాయి.

మన దేశంలోనూ ఇదే తీరు. కలకత్తాలో సుమన్ చటోపాధ్యాయ్, తర్వాతి పేరు కబీర్ సుమన్, 1992లో ‘తోమాకే చాయ్’తో బెంగాలీ పాటకు కొత్త దారి వేశాడు. ఆయన చేతిలో గిటార్ ఉన్నా గొంతులో చిన్ననాటి ఖయాల్ శిక్షణ ఉంది. జర్మన్, అమెరికన్ రేడియోల్లో పనిచేసిన ఏళ్లూ ఉన్నాయి. జైపూర్ కుర్రాడు ప్రతీక్ కుహాడ్ న్యూయార్క్‌లో గణితం, ఆర్థికశాస్త్రం చదువుతూ గాయకుడు ఎలియట్ స్మిత్ పాటలు విని ఇటు మళ్లాడు.

ఎడ్ షీరన్ వచ్చాక ఈ కళ స్టేడియం స్థాయికి పెరిగింది. పదకొండేళ్లప్పుడు ఐర్లండ్‌లో డేమియన్ రైస్ కచేరీ చూసి పాటలు రాయడం మొదలుపెట్టాడు. కాలి కింద లూప్ పెడల్ ఉంటుంది. గిటార్ చెక్కను తట్టిన దరువు దాంట్లో పట్టి తిప్పుతాడు, దానిమీద మీటు, దానిమీద ఇంకో గొంతు. 2015లో వెంబ్లీ స్టేడియంలో మూడు రాత్రులు ఒక్కడే నిలబడ్డాడు. 2025 ఫిబ్రవరిలో హైదరాబాద్ రామోజీ ఫిల్మ్ సిటీలో పాడి వెళ్లాక, బెంగళూరులో శిల్పా రావుతో కలిసి ‘దేవర’లోని చుట్టమల్లే పాట తెలుగులోనే అందుకున్నాడు. పరాయి పాట విని నోటికి పట్టించుకునే అలవాటు ఈ మనుషులది.

ఇవాళ్టివాళ్లలో అందరికన్నా లోతుగా వెనక్కి వెళ్లింది రియానన్ గిడెన్స్. కాటెన్ పుట్టిన నార్త్ కరోలినాయే ఆమెదీ. ఓబర్లిన్‌లో ఒపెరా నేర్చుకుంది. బాంజో మూలం ఆఫ్రికా నుంచి బానిసలతో వచ్చిందని తెలిశాక దాన్ని పట్టుకుంది. 2005లో ఇంకో ఇద్దరు కుర్రాళ్లతో కలిసి, ఎనభై దాటిన నల్లజాతి ఫిడేలు విద్వాంసుడు జో థాంప్సన్ ఇంటికి క్రమం తప్పకుండా వెళ్లడం మొదలుపెట్టింది. ఆయన విడమరిచి పాఠం చెప్పేవాడు కాదు, వాయించేవాడు. వీళ్లు పక్కన కూర్చుని వెంట పడేవాళ్లు. ఆ విద్య ఆయనకు తండ్రి నుంచి, తండ్రికి బానిసగా బతికిన తాత నుంచి వచ్చింది. అలా ఏర్పడిన కరోలినా చాకొలెట్ డ్రాప్స్ బృందం గ్రామీ గెలిచింది. 2017 నాటి ‘ఫ్రీడమ్ హైవే’ ఆల్బమ్‌లో గిడెన్స్ సొంత పాట ఒకటి పాత పత్రికా ప్రకటన నుంచి పుట్టింది. ఇరవై రెండేళ్ల బానిస స్త్రీ అమ్మకానికి ఉందని, ఆమె తొమ్మిది నెలల బిడ్డను తీసుకోవడం మానడం కొనేవాళ్ల ఇష్టమని ఆ ప్రకటన. 1858 నాటి నమూనాతో చేసిన మెట్లులేని బాంజో మీద ఆమె అలాంటి పాటలు పాడుతుంది. 2024లో బియాన్సే ‘టెక్సస్ హోల్డ్ ఎమ్’ మొదట్లో వినిపించే బాంజో గిడెన్స్‌దే. బిల్‌బోర్డ్ కంట్రీ పాటల జాబితాలో ఒక నల్లజాతి మహిళ మొదటి స్థానానికి రావడం ఆ పాటతోనే జరిగింది. మరుసటి ఏడు పాత సహచరుడు జస్టిన్ రాబిన్సన్‌తో కలిసి కరోలినా ఫిడేలు, బాంజో పాటల ఆల్బమ్ ఒకటి తెచ్చింది. వాటిని స్టూడియోలో కాకుండా ఆరుబయట రికార్డు చేశారు, కొన్నిటిని జో థాంప్సన్ ఇంటి దగ్గరే.