తార్నాక నుంచి మందుల కౌంటరు దాకా

మందుల తయారీలో హైదరాబాద్ పేరు ప్రపంచమంతా తెలుసు. ఆ పేరుకు పునాది ఎక్కడ పడిందంటే చాలామంది బాలానగర్ వైపు చూపిస్తారు. నేను తార్నాక అంటాను. ఉస్మానియా క్యాంపస్, దాన్ని ఆనుకుని జాతీయ పోషకాహార సంస్థ, ఉప్పల్ రోడ్డు మీద రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ, జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ: ఇంత దగ్గర దగ్గరగా ఇన్ని విజ్ఞాన సంస్థలు మన రాష్ట్రాల్లో ఇంకెక్కడా కనిపించవు. ఫార్మసీ చదువుకు, ఉద్యోగాలకు ఇక్కడ దొరికిన బలం చాలా ఉంది. దొరకని గౌరవం ఒకటుంది. రెండూ చెప్పుకోవాలి.

1918లో ఉర్దూ మాధ్యమంతో మొదలైన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో 1943లో టెక్నాలజీ కాలేజీ వచ్చింది. మరుసటి ఏడాదే నిజాం సర్కారు ఒక కేంద్ర పరిశోధనశాలను నెలకొల్పింది. 1956లో అది సీఎస్ఐఆర్ చేతికి వచ్చి రీజినల్ రిసెర్చ్ లేబొరేటరీ అయింది, 1989లో ఐఐసీటీగా మారింది. పాతకాలం వాళ్లు ఇప్పటికీ ఆర్ఆర్ఎల్ అనే అంటారు.

అదే కాలంలో ఊళ్లలో మందు ఇచ్చేవాడు కాంపౌండరు. డాక్టరు చీటీ చూసి పొడులు నూరేవాడు, మిక్చరు కలిపి సీసాలో పోసేవాడు, పూటకెంత తాగాలో తెలిసేలా కాగితాన్ని గాట్లు పెట్టి కత్తిరించి సీసాకు అంటించేవాడు. డాక్టరు పక్కన నిలబడి నేర్చుకున్నదే అతని చదువు. దేశంలో ఎవరు పడితే వారు మందులమ్మే తీరు మీద చోప్రా కమిటీ 1930-31లో విచారణ జరిపింది. 1932లో మహాదేవ లాల్ ష్రాఫ్ కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో ఈ చదువుకు బీజం వేశారు. 1940లో ఔషధ చట్టం, 1948లో ఫార్మసీ చట్టం వచ్చాయి. అనుభవమున్న కాంపౌండర్లను తొలి రిజిస్టరులోకి తీసుకుని, ఆపైన చదువు ఉంటేనే అన్నారు. 1951లో విశాఖలో ఆంధ్ర విశ్వవిద్యాలయం బీఫార్మసీ మొదలుపెట్టింది. తెలుగునాట ఈ చదువుకు అదే పెద్ద దిక్కయింది.

ఉస్మానియాలో మాత్రం ఫార్మసీ టెక్నాలజీ కాలేజీ నీడన పెరిగింది. దాని ఇరుగుపొరుగు కెమికల్ ఇంజినీరింగ్. ఉస్మానియా మెడికల్ కాలేజీ ఎక్కడో కోఠీలో ఉంది. రోగి మంచం కన్నా రియాక్టరు దగ్గరగా ఉన్నచోట చదువు ఎటు మొగ్గుతుందో వేరే చెప్పాలా?

కాలం కూడా ఆ మొగ్గుకే తోడైంది. 1961లో ప్రభుత్వ రంగ మందుల కంపెనీ ఐడీపీఎల్ ఏర్పడింది. సోవియట్ సాయంతో బాలానగర్‌లో దాని సింథటిక్ డ్రగ్స్ ఫ్యాక్టరీ లేచింది. 1970 పేటెంట్ చట్టం మందు మీద పేటెంట్ హక్కును తీసేసి, తయారుచేసే పద్ధతి మీద మాత్రమే ఉంచింది. అంటే అదే మందును మరో దారిలో చేయగలిగితే చాలు, అమ్ముకోవచ్చు. ఆ మరో దారి కనిపెట్టడం కెమిస్టుల పని. ఐడీపీఎల్‌లో పనిచేసిన అంజిరెడ్డి 1984లో డాక్టర్ రెడ్డీస్ స్థాపించారు. గుంటూరులో పుట్టిన ఎ.వి. రామారావు 1985 నుంచి పదేళ్లు తార్నాకలోని ఈ ఆర్ఆర్ఎల్‌కు, అంటే తర్వాతి ఐఐసీటీకి, డైరెక్టరుగా ఉన్నారు. ఎయిడ్స్‌కు అప్పట్లో ఆధారమైన జిడోవుడిన్‌ను తయారుచేసే పద్ధతిని ఆయన మందుల కంపెనీ సిప్లాకు అందించారు, 1993లో ఆ మందు మన మార్కెట్లోకి వచ్చింది. 2001లో సిప్లా మూడు మందుల చికిత్సను రోజుకు డాలరు కన్నా తక్కువకే ఇస్తానని ప్రకటించి ఆఫ్రికా రోగుల్లో ఆశ నింపింది. ఉప్పల్ రోడ్డు మీది ఐఐసీటీ గేటు దాటుతున్నప్పుడల్లా నాకు ఇదే గుర్తొస్తుంది. ఇక్కడి పనితనం ఎంత దూరాన ఎందరి ప్రాణాలకు పనికొచ్చిందో!

2005లో పేటెంట్ చట్టం మళ్లీ మారింది, మందు మీదే హక్కు తిరిగొచ్చింది. అయినా ఉద్యోగాలు తగ్గలేదు, రకాలు పెరిగాయి. బీఫార్మసీ నాలుగేళ్లు, ఇంటర్లో ఎంపీసీ చదివినా బైపీసీ చదివినా ఈఏపీసెట్ (పాత ఎంసెట్) దారిన చేరొచ్చు. అది పూర్తయ్యాక ప్రొడక్షన్, నాణ్యత చూసే క్యూసీ, క్యూఏ, రెగ్యులేటరీ, మందుల దుష్ఫలితాలను నమోదుచేసే ఫార్మకోవిజిలెన్స్ ఉన్నాయి. పరీక్ష రాసి డ్రగ్ ఇన్‌స్పెక్టర్ కావచ్చు. ఎంఫార్మసీ మరో రెండేళ్లు. పరిశోధనకూ బోధనకూ అదే మెట్టు. బాలానగర్ ఐడీపీఎల్ ఆవరణలోనే 2007లో ఫార్మసీ ఉన్నత విద్యా సంస్థ నైపర్ కూడా మొదలైంది. అయితే అన్ని కాలేజీలూ ఒకటి కాదు. ఫీజు రీయింబర్స్‌మెంట్ రోజుల్లో పుట్టుకొచ్చిన ఫార్మసీ కాలేజీల్లో చాలావాటికి సరైన ల్యాబులు కూడా లేవు, వాటి పాపం పట్టా చేతపట్టుకున్న పిల్లలు మోశారు.

ఇక రోగికి ఎదురుగా నిలబడే ఉద్యోగం. దానికి కనీస చదువు డీఫార్మసీ: రెండేళ్ల క్లాసులు, ఆపైన 500 గంటల ప్రాక్టికల్ శిక్షణ. చట్టం ప్రకారం డాక్టరు చీటీ మీద మందు ఇవ్వాల్సింది రిజిస్టర్డ్ ఫార్మసిస్టే. చాలా షాపుల్లో గోడకు సర్టిఫికెట్ ఉంటుంది, ఆ మనిషి ఉండడు. సర్టిఫికెట్ అద్దెకు ఇవ్వడం అందరికీ తెలిసిన వ్యవహారం. ఇందులో ప్రమాదం ఎంతో ఒక్క మందుతో చెబుతాను. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ కంపెనీలో నడిపిన పరిశోధన నుంచే మెథోట్రెక్సేట్ వచ్చింది. కీళ్లవాతానికి దాన్ని వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ వేసుకుంటే నోరు పుండ్లుపడుతుంది, రక్తకణాలు పడిపోతాయి, ప్రాణం కూడా పోవచ్చు. చదువుకున్న ఫార్మసిస్టు ఆ మాత్రల కవరు మీద "ఆదివారం మాత్రమే" అని పెద్ద అక్షరాలతో రాసి, "అమ్మా, వారానికి ఒక్కరోజే, ఏ రోజో నాకు మళ్లీ చెప్పండి" అని అడుగుతాడు. అద్దె సర్టిఫికెట్ అడగదు.

ఈ లోటు తీర్చేలా 2008లో ఆరేళ్ల ఫార్మ్‌డీ కోర్సు వచ్చింది. చివరి ఏడాదంతా ఆసుపత్రిలోనే ఇంటర్న్‌షిప్. రోగికి మందు గురించి వివరించడం ఫార్మసిస్టు బాధ్యతేనని 2015 నిబంధనలు తేల్చాయి. డీఫార్మసీ వాళ్లు రిజిస్ట్రేషన్‌కు ముందు ఎగ్జిట్ పరీక్ష రాయాలని 2022లో నియమం పెట్టారు. మంచివే, ఆలస్యంగానైనా. కానీ ఫార్మ్‌డీ చదివిన పిల్లల్లో ఎందరో వార్డులో తగిన ఉద్యోగం లేక కంప్యూటరు ముందు ఫార్మకోవిజిలెన్స్ కేసులు రాస్తూ కూర్చుంటున్నారు. ఆ పనిని తక్కువ చేయను. ఆరేళ్లు వార్డు కోసం తయారుచేసిన మనిషిని వార్డు బయట నిలబెట్టడమే బాధ. కొత్త కాలేజీకి అనుమతి ఇచ్చేముందు ప్రతి పెద్ద ఆసుపత్రిలో క్లినికల్ ఫార్మసిస్టు పోస్టు మంజూరు చేయాలి, షాపుల తనిఖీకి వెళ్లిన ఇన్‌స్పెక్టర్ గోడ మీది సర్టిఫికెట్‌లోని ఫొటోనూ కౌంటరులోని మొహాన్నీ పోల్చి చూడాలి.