చెత్త డబ్బా పేరులో భారం

మా క్యాంపు గేటు దగ్గరుండే చెత్త డబ్బాను కొందరు కచరా డబ్బా అంటారు, కొందరు చెత్తకుండీ అంటారు. మా ఆఫీసుకు వచ్చే జర్మన్ ఇంజినీరు మాత్రం చెత్తబుట్టను 'మ్యుల్‌ఐమర్' అంటాడు. మొదట్లో నవ్వొచ్చేది. అర్థం వెతికాక నవ్వు పోయింది.

'మ్యుల్' అంటే నేడు చెత్త. పూర్వం ఆ అర్థం లేదు. పొడి మన్ను, నలిగిన పొడి అని అర్థం. నూరడం, విసరడం అనే మాటల నుంచి పుట్టింది. జర్మన్‌లో పిండికి 'మేల్', పిండి మరకు 'మ్యూలె' అంటారు. ఇంగ్లీషు 'మిల్లు' కూడా ఆ కుటుంబమే. మరి పిండికి చుట్టమైన మాట చెత్త ఎలా అయింది? 19వ శతాబ్దంలో ఇళ్లలో బొగ్గు పొయ్యిలు. ప్లాస్టిక్ లేదు. పారబోసేది ఎక్కువగా బూడిద, ఊడ్చిన దుమ్ము. అందుకే ఆ బకెట్టుకు 'ఆష్‌ఐమర్', అంటే బూడిద బకెట్టు, అనే పేరు కూడా ఉండేది.

ఇక 'ఐమర్'. అసలు సంగతి ఇందులోనే ఉంది సోదరులారా. నూనె, ద్రాక్షసారా పోసే రెండు చెవుల జాడీని గ్రీకులు 'ఆంఫొరెవుస్' అన్నారు, అంటే రెండు వైపులా పట్టి మోసేది. రోమన్ల నోట 'ఆంఫొరా' అయి, జర్మన్లకు 'అంబర్'గా చేరింది. హాస్పిటల్ మన నోట ఆసుపత్రి అయినట్టు, వాళ్లూ దాన్ని తమకు తెలిసిన మాటల్లోకి మార్చుకున్నారు. 'ఐన్' అంటే ఒకటి, 'బెరన్' అంటే మోయడం. అలా 'ఐంబర్' అయింది, ఒక పిడితో మోసేది. రెండు చెవుల జాడీకి ఒక చెవి తెగిపోయిందన్నమాట! రెండు పిడుల తొట్టికేమో 'త్సూబర్' అని వేరే పేరు, అంటే రెండింటితో మోసేది.

ఆ 'బెరన్', గ్రీకు 'ఫెరెయిన్', సంస్కృతం నుంచి మనకొచ్చిన 'భారం', 'భరించు' ఒకే మూలానివి.

ఫ్రెంచివారి కథ వేరు. 1883లో పారిస్ అధికారి యూజీన్ పూబెల్ ప్రతి ఇంటి యజమానీ చెత్త డబ్బా పెట్టాలని ఉత్తర్వు ఇచ్చాడు. జనం కోపంతో డబ్బాకు ఆయన పేరే పెట్టారు. నేటికీ అక్కడ చెత్త డబ్బా అంటే 'పూబెల్'.

మా బ్లాకు డబ్బా శుక్రవారం నిండితే ఇద్దరు పట్టనిదే కదలదు. దాన్ని త్సూబర్ అనడమే సబబు.