మేఘారణ్య పుష్పము



మామిడికొమ్మపై బదనిక పట్టుట మీరెఱిగినదే. అమరసింహుడు దానికి వృక్షాదని, వృక్షరుహ మున్నగు పేర్లు చెప్పెను. వృక్షాదని యనగా చెట్టును దినునది. వృక్షరుహ యనగా చెట్టుపై మొలచునది. ఆర్కిడ్లనెడి పూమొక్కలలో పెక్కింటికి రెండవ పేరే తగును. అవి కొమ్మను ఆశ్రయించునే గాని దాని రసమును పీల్చవు. అట్టివానిలో ఒకదాని చరిత్రను నేడు మనవి చేసెదను.

దక్షిణ అమెరికాలోని కొలంబియా దేశము భూమధ్యరేఖకు చేరువ. ఐనను బొగోటా నగర ప్రాంతపు కొండలలో, సుమారు 8,000 అడుగుల యెత్తున, మబ్బులు చెట్లను తాకుచు పోవును. ఏడాది పొడుగునను చల్లదనమే. అచ్చట ఓడోంటోగ్లాసమ్ క్రిస్పమ్ అను తెల్లపూల ఆర్కిడు కలదు. లండను ఉద్యానసంఘము పంపిన హార్ట్‌వెగ్ దానిని సేకరింపగా, లిండ్లే పండితుడు 1845లో దానిని వర్ణించి పేరిడెను.

ఇంగ్లండులోని ధనికులు ఇట్టి మొక్కలకై గాజుటిండ్లు కట్టించిరి. ఉష్ణదేశపు మొక్క కదా యని వేడినీటి గొట్టములు పెట్టించి, కిటికీలు బిగించిరి. దేశము పేరు చూచిరి. కొండ యెత్తు చూడరైరి. వేలకొలది మొక్కలు ఆ యుక్కలో మ్రగ్గి చచ్చెను. 1860 తరువాత జేమ్స్ బేట్‌మన్ మొదలగువారు చల్లని పెంపకమును బోధించిరి. నీడ, కదలు గాలి, నేలపై చల్లిన నీరు, రాత్రివేళ సుమారు 50 ఫారన్‌హీటు డిగ్రీల చలి: ఇంతమాత్రముననే మొక్క బ్రతికెను. బొగ్గు ఖర్చు తగ్గుటచే మధ్యతరగతి గృహస్థులును దానిని పెంచసాగిరి.

కాని ఆ తెలివియే అడవికి శాపమయ్యెను. గిరాకి హెచ్చెను. ఆల్బర్ట్ మిల్లికన్ అను సేకరణకర్త, రెండు నెలలలో సుమారు 10,000 మొక్కలు సంపాదించుటకు 4,000 చెట్లు కొట్టించినట్లు 1891 నాటి తన గ్రంథమున తానే వ్రాసికొనెను. మొక్క చెట్టును దినలేదు. మొక్కను కోరినవాడు దినెను. వృక్షాదని యెవరో మీరే యూహింపుడు!

1922లో అమెరికా శాస్త్రజ్ఞుడు లూయిస్ నడ్సన్, ధూళివంటి ఆర్కిడు విత్తనములను చక్కెర కలిపిన పోషకముపై సీసాలలో మొలిపించు విధానమును ప్రకటించెను. అడవిని కొట్టకయే మొక్క లభించు మార్గ మేర్పడెను. 1975 నుండి అంతర్జాతీయపు ఒడంబడికయు ఆర్కిడ్ల వర్తకమును కట్టుబాటు చేయుచున్నది.

కోడలిని తెచ్చుకొనునపుడు పుట్టిల్లు విచారింతుము గదా! మొక్క విషయమునను అంతే. చల్లని కొండయూళ్ల వారు సీసాలో మొలిచినదానిని తెచ్చి పెంచుకొనవచ్చును. మన మైదానపు వేసవి దానికి నిప్పులగుండము. తెప్పించుకొనకుండుటయే మనము దానికి చేయు మేలు.