ఇప్పుడెందుకమ్మా చదువు?

మా కర్నూలు, కడప పల్లెల్లో ఒకప్పుడు ఆడపిల్ల చంకన బిందె ఎక్కిందంటే పలక అటక ఎక్కినట్టే. నీళ్ళ కోసం మైళ్ళు నడవాల్సిన చోట పిల్ల బడికి పోతే కడవలు నింపేదెవరు? ఆ మీదట పెళ్ళి. ఇక చదువు మాటెత్తితే "ఇప్పుడెందుకమ్మా!" అని నవ్వేవాళ్ళే. ఆ ప్రశ్నకు జీవితమంతా జవాబు చెప్పిన మనిషి దుర్గాబాయి దేశ్‌ముఖ్.

ఆమెది మన సీమ కాదు. 1909లో రాజమండ్రిలో పుట్టారు. ఎనిమిదేళ్ళకే పెళ్ళి చేశారు. ఊహ తెలిశాక ఆ సంబంధం వద్దన్నారు. ఆ రోజుల్లో అదెంత సాహసమో వేరే చెప్పాలా? 1923లో కాకినాడ కాంగ్రెసు సభలప్పుడు టిక్కెట్టు లేదని నెహ్రూ గారినే ఖద్దరు ప్రదర్శన గుమ్మం దగ్గర ఆపేసిన వాలంటీరు ఈవిడే!

ఆ ముచ్చట అందరికీ తెలిసిందే. తర్వాతి కథే మనం గుర్తుంచుకోవలసింది. 1930, 33 మధ్య మూడుసార్లు జైలుకు వెళ్ళొచ్చారు. తోటివాళ్ళు పిల్లల తల్లులై ఉండే వయసులో పుస్తకం పట్టుకుని కాశీ మెట్రిక్ ప్యాసయ్యారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో ఎం.ఏ. చేసి, 1942లో, ముప్ఫై మూడో ఏట, మద్రాసులో లా పట్టా పుచ్చుకున్నారు. ఈలోగా మైలాపూరులో నలుగురు ఆడపిల్లల్ని చేరదీసి అదే మెట్రిక్ పరీక్షకు పాఠాలు చెప్పసాగారు. ఆంధ్ర మహిళా సభ అలా మొదలైంది. 'ఆంధ్రమహిళ' పత్రికకు సంపాదకురాలూ ఆవిడే.

రాజ్యాంగ సభలో అధ్యక్షస్థానంలో కూర్చునే వారి జాబితాలో చోటు దక్కిన స్త్రీ ఆమె ఒక్కరే. 1952 ఎన్నికల్లో మాత్రం ఓడిపోయారు. ఓడినా ఊరుకోలేదు, ప్రణాళికా సంఘంలో సభ్యురాలై పనిలో పడ్డారు. 1953లో, మన కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధాని అయిన ఏడాదే, కేంద్ర సాంఘిక సంక్షేమ బోర్డుకు తొలి అధ్యక్షురాలయ్యారు. చదువు మధ్యలో ఆగిపోయిన స్త్రీలు తక్కువ కాలంలో చదివి పరీక్ష రాసేందుకు 1958లో ఆ బోర్డే ప్రత్యేక కోర్సులు పెట్టింది. వితంతువులు, భర్త వదిలేసినవాళ్ళు, పేద ఇల్లాళ్ళు వాటిలో చేరి టీచర్లు, నర్సులు, గ్రామసేవికలు కావడానికి దారి దొరికింది. తాను పడుతూ లేస్తూ నడిచిన బాటను పదిమందికీ రోడ్డు చేయించారన్నమాట.

1980లో ఇంగ్లీషులో రాసుకున్న ఆత్మకథకు 'చింతామణ్ అండ్ ఐ' అని భర్త పేరు ముందు పెట్టారు. మరుసటి ఏడే కన్నుమూశారు.

మీ ఇంట్లో పెద్దత్తయ్యో, నానమ్మో ఏ బళ్ళోనో టీచరమ్మగా పనిచేసి రిటైరయ్యారా? అయితే వారు మెట్రిక్ ఎన్నో ఏట రాశారో ఒకసారి అడిగి చూడండి.